సున్నా హార్స్‌పవర్ చేతులు

తప్పు చేసినవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగడం లోకంలో ఉన్నదే. తప్పు చేయనందుకు తిరిగిన మనిషి మా ఎరుకలో వరహాలమ్మ ఒక్కతే.

పెద్దాపురంలో ఆవిడ మామగారికి రిజిస్టర్లు బైండు చేసే కొట్టు ఉండేది. కోర్టు వారి చిట్టాలు, బడి హాజరు పట్టీలు, సొసైటీ పుస్తకాలు అన్నీ అక్కడికే వచ్చేవి. కొత్త కోడలిగా ఆ ఇంట అడుగుపెట్టిన వరహాలమ్మ చారు కాచడం కంటే ముందు మైదా జిగురు ఉడకబెట్టడం నేర్చుకుంది. తరవాత కంప్యూటర్లు వచ్చి రిజిస్టర్లు పోయాయి, మామగారు పోయారు, భర్త పోయాడు. చేతులు మిగిలాయి. ఆ చేతులతోనే పదేళ్ళుగా ఆవిడ కార్డులు చేస్తోంది. పెళ్ళికీ, బారసాలకీ, గృహప్రవేశానికీ, అలిగిన వియ్యపురాలిని బతిమాలుకోవడానికీ వేరువేరు కార్డులు ఆవిడ దగ్గర దొరుకుతాయి.

ఆవిడకు ఏడాది పొడుగునా చేతినిండా పని ఇచ్చేది ఒక్కటే చోటు. ప్రతి ఫిబ్రవరిలో కాకినాడలో జరిగే హస్తకళల ప్రదర్శనలో ఆవిడకొక బల్ల, ఆ బల్ల ముందు 'చేత్తో చేసిన కార్డులు' అన్న బోర్డు ఉండేవి. ఆ పది రోజుల్లో వచ్చిన ఆర్డర్లే మళ్ళీ ఫిబ్రవరి దాకా ఇల్లు నడిపేవి.

అంతలో ఎవరో మిషను మీద కొట్టిన కార్డులు బస్తాలతో దింపి, చేతివని చెప్పి అమ్ముకున్నారు. వాళ్ళని పట్టుకోవడం కష్టం గనక పైవాళ్ళు ఒక మండలిని నియమించారు. పేరు హస్తకృత వస్తు ధ్రువీకరణ మండలి. మండలి ఒక నిపుణుల సంఘాన్ని వేసింది. నిపుణులు వేసవి రెండు నెలలూ చల్లటి ఊళ్ళలో తిరిగి, నూట పదహారు పేజీల నివేదిక రాశారు. మనిషన్నాక పొరపాటు చేస్తాడు, యంత్రం చేయదు, కాబట్టి పొరపాటు ఉన్నదే చేతిపని అన్నది దాని సారాంశం. విన్నవాళ్ళందరూ నిజమే కదా అన్నారు. నిజమే కదా అన్నమాటకి ఉత్తర్వు నంబరు పడేసరికి అది ఇలా తయారైంది: ప్రతి కార్డులోనూ తక్కువలో తక్కువ మూడు లోపములు ఉండవలెను. మడత రెండు మిల్లీమీటర్లకు తగ్గకుండా పక్కకు జరిగియుండవలెను. జిగురు కంటికి కనబడవలెను. ఒక అంచైనా వంకరగా ఉండవలెను. ధ్రువపత్రం లేనివారు ప్రదర్శనలో బల్ల వేయరాదు, 'చేత్తో చేసిన' అను మాట వాడరాదు.

వరహాలమ్మ తన పనితనంలో మేలైనవి పన్నెండు ఏరి, పాత చీర ముక్కలో చుట్టుకుని, కాకినాడ బస్సెక్కింది.

మండలి సహాయ సంచాలకుడు ఏకాంబరరావు మంచి మనిషి. లంచం పుచ్చుకోడు, కసురుకోడు, వచ్చినవాళ్ళని కూర్చోమంటాడు. అటువంటివాడి చేతిలో పడితే బయటపడటం మహా కష్టం.

"కూర్చోండమ్మా. నమూనాలు పన్నెండూ తెచ్చారా?" అని ఆయన మొదటి కార్డు అందుకున్నాడు. పసుపు అట్ట మీద ఒకే ఒక్క ఎండిన కనకాంబరం, దాని కింద జరీ అంచు ముక్క. భూతద్దం పెట్టి చూశాడు. స్కేలు ఆనించి కొలిచాడు. పక్కనున్న గుమాస్తాకు చెప్పసాగాడు.

"మడత స్థానభ్రంశం, నిల్. జిగురు దృశ్యమానత, నిల్. అంచు వక్రత, నిల్."

పన్నెండింటికీ నిల్ అనే వచ్చింది. వరహాలమ్మ ముఖం విప్పారింది. "అయితే పాసయినట్టేనాండి?"

"మీ కార్డుల్లో ఏ లోపమూ లేదమ్మా," అన్నాడు ఏకాంబరరావు ఎంతో బాధపడుతూ. "ఇందుమూలముగా ఇవి హస్తకృతములని మండలి విశ్వసించజాలదు."

"అదేటండి బాబూ! నేనే చేశానండి. ఈ చేతుల్తోనే చేశాను."

"ఎలా చేస్తారో వివరించండి. నమోదు చేసుకుంటాం."

పాపం, ఆవిడ ఆయన నేర్చుకోవాలని అడుగుతున్నాడనుకుంది. అడిగినవాళ్ళకు విద్య దాచడం ఆవిడ ఎరగదు.

"ముందు కాయితం వాటం చూడాలండి. అట్టముక్కని అటూ ఇటూ వంచి చూత్తే ఒకేపు మెత్తగా లొంగుద్ది. ఆ వాటాన్నే మడత పెట్టాలి. అడ్డంగా మడిచేరంటే మడత పగిలి పీచు లేచిపోద్దండి."

గుమాస్తా రాసుకున్నాడు: ముడిసరుకుకు వంపు పరీక్ష.

"మడిచే ముందు సిరా అయిపోయిన బాల్‌పెన్ను పెట్టి, స్కేలు దన్నుతో గట్టిగా గీత లాగాలండి. అప్పుడు మడత దానంతటదే వచ్చి కూకుంటాది."

"స్కేలు ఏ రకం?"

"స్టీలుదేనండి. ప్లాస్టిక్‌దైతే బ్లేడు దాన్ని కొరికేత్తాది. బ్లేడు కూడా ఇరవై అట్టలకోసారి మార్చెయ్యాలి. మొండి బ్లేడుతో పిసినారితనం చేత్తే అట్ట పాడు."

గుమాస్తా రాసుకున్నాడు: లోహ పరికరములు, మార్చదగిన కోత భాగములు.

"జిగురో?" అన్నాడు ఏకాంబరరావు.

"మైదాయేనండి. చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. నడిమధ్యలో రాసి అంచులకి పలచగా లాగాలి. అంచుల కాణ్ణించి మొదలెడితే బైటికి పొంగిపోద్ది. ఆనక రాత్రంతా సన్నికల్లు కింద పెట్టాలండి. పూలైతే టెలిఫోను డైరెక్టరీలో నొక్కుతాను. పేపర్లో పెడితే అచ్చు అంటుకుంటాది. కనకాంబరం రంగు నిలుత్తాది గానీ మందారం నల్లబడిపోద్ది, దాని జోలికి ఎల్లకండి. జరీ ముక్కలు కొనకండేం? టైలరు కొట్టు ఊడ్చే ఏళకి ఎళ్ళి నిలబడితే సంచీడు ఇత్తారు."

గుమాస్తా పెన్ను ఆగకుండా కదిలింది: రసాయనిక ప్రక్రియ కలదు. భారీ ఒత్తిడి పరికరం కలదు.

ఏకాంబరరావు పన్నెండు కార్డులూ జాగ్రత్తగా చీర ముక్కలో చుట్టి తిరిగిచ్చాడు. "నెల రోజులు గడువిస్తున్నామమ్మా. ఈసారి లోపాలతో రండి," అన్నాడు.

వరండాలో హైమవతిగారు ధ్రువపత్రం పట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ రిటైరైన లెక్చరరు. ఫోనులో పన్నెండు వీడియోలు చూసి కార్డులు మొదలుపెట్టింది. ఆవిడ కార్డు తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. ఒక్కో కార్డుకీ పందొమ్మిది లోపాలు తేలినందున మండలి ఆవిడకు విశిష్ట శ్రేణి ఇచ్చింది. అయినా గర్వం లేని మనిషి, అడక్కుండానే సలహా ఇచ్చింది.

"మనసు పెట్టకండి వరహాలమ్మగారూ. నేనైతే సీరియల్ చూస్తూ చేసేస్తాను."

వరహాలమ్మ ఇంటికెళ్ళి టీవీ ముందు బల్ల వేసుకుంది. సీరియల్లో ఎవరు ఎవరికి విషం పెట్టారో తెలియలేదు గానీ మడత మాత్రం తిన్నగా వచ్చింది. కళ్ళు మూసుకుని మడిచింది, తిన్నగా వచ్చింది. ఎడమచేత్తో కోసింది. కాస్త ఆలస్యమైంది గాని అదీ తిన్నగానే వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన పనిని తెలియనట్టు చేయడం ఆవిడ వల్ల కాలేదు. మనం రోజూ నడిచే మెట్ల మీద కావాలని జారిపడమంటే పడగలమా? వారం రోజులు అట్టలు దండగ చేసి, ఏడుపొచ్చినంత పనై, చివరికి ఆవిడ తనకు తెలిసిన దారే పట్టింది. పెన్సిలుతో రెండు మిల్లీమీటర్లు పక్కకు గీత గీసి, ఆ గీత మీద మడిచింది. అంచుకు ఒక వంకర గీసుకుని ఆ వంకర వెంబడి కోసింది. మూలన పెసరగింజంత జిగురుచుక్క పెట్టింది. పన్నెండు కార్డులు తయారయ్యాయి. వాటివంక చూడబుద్ధి కాక ముఖం తిప్పుకుంటూనే చీర ముక్కలో చుట్టింది.

ఈసారి నిపుణులు ముగ్గురూ కూర్చున్నారు. మొదటి కార్డు చూసి తలలు ఊపారు. రెండోది చూసి తలలు ఊపారు. నాలుగో కార్డుకి ఊపడం ఆగింది. పన్నెండూ ఒకదాని మీద ఒకటి పేర్చి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. వంకర మీద వంకర, చుక్క మీద చుక్క, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి.

"ఏకరూప లోపం," అన్నాడు పెద్ద నిపుణుడు.

"రెండు మిల్లీమీటర్లని మీరే కదండీ అన్నారు!" అంది వరహాలమ్మ.

"రెండుకు తగ్గరాదన్నాం. అన్నింటా రెండే ఉండాలనలేదు. మనిషి ఒకే తప్పు పన్నెండుసార్లు ఒకే విధంగా చేయడు. చేసేది యంత్రమే."

ఏకాంబరరావు ఆవిడ తరఫున ఒక మాట వేశాడు. "అయ్యా, నేను స్వయంగా పెద్దాపురం వెళ్ళి చూశాను. ఇంట్లో యంత్రమేదీ లేదు. ఈవిడ చేతులే ఉన్నాయి."

పెద్ద నిపుణుడు చాలాసేపు ఆలోచించాడు. "ఫలితం యాంత్రికం. ఇంట్లో చేతులు తప్ప వేరే ఉపకరణం లేదు. కాబట్టి ఆ చేతులే యంత్రం," అన్నాడు. తర్కం ఇనుపగొలుసులా ఉంది, ఎవరికీ తెంపే సందు దొరకలేదు. ఏకాంబరరావు తీర్మానం రాసుకున్నాడు.

యంత్రమని తేలాక నమోదు చేయకుండా వదిలేస్తే అది చట్టవిరుద్ధం. పదిహేను రోజుల్లో సంయుక్త తనిఖీ బృందం జీపులో పెద్దాపురం వచ్చింది. వీధి వీధంతా పోగైంది. వరహాలమ్మ అందరికీ టీలిచ్చి, చేతులు కడుక్కుని, బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. ఏకాంబరరావు పత్రం పూరించాడు.

"తయారైన సంవత్సరం?"

"నేను పుట్టింది తుఫానొచ్చిన ఏడాదండి."

"తయారైన స్థలం?"

"మా అమ్మమ్మగారూరు, జగ్గంపేట అవతల."

"స్వదేశీ," అని రాసుకున్నాడు. "హార్స్‌పవర్?"

వచ్చిన ఇంజనీరు ఆవిడ మణికట్లు అటూ ఇటూ తిప్పి చూసి, సున్నా వేయమన్నాడు. పొగ లేదు. ఇంధనం, పూటకొక టీ. శబ్దం గడి దగ్గర కొంచెం తేడా వచ్చింది. భర్త పోయినప్పుడు కూడా ఆవిడ తీయని మట్టిగాజులు గలగలమంటున్నాయని భద్రతాధికారి అభ్యంతరం చెప్పాడు, గాజులు తీయించాడు. కదిలే భాగాల చుట్టూ కంచె ఉండాలన్నది మరో నిబంధన. వెదురు కంచె ఒకటి బల్ల చుట్టూ మోకాలెత్తున కట్టారు. ఆ బల్లకు రేకు పలక కొట్టారు. దాని మీద నంబరు, దాని కింద 'చేతులు రెండు, సున్నా హార్స్‌పవర్' అని రాసి ఉంది.

"ఇంక పని చేసుకోవచ్చాండి?" అని అడిగింది కంచెలోంచి వరహాలమ్మ.

"ఆపరేటరు లైసెన్సు ఉన్నవాళ్ళెవరు?"

"నా చేతులకి నేనే కదండీ!"

"ఏడో తరగతి చదువుతో లైసెన్సు రాదమ్మా. పైగా యంత్రం తనను తాను నడుపుకోకూడదు. ప్రమాదం."

గుంపులోంచి ఆవిడ మరిది గంగరాజు చెయ్యెత్తాడు. పదిహేనేళ్ళ కిందట ఐటీఐలో ఫిట్టరు కోర్సు చేసి, ఏడాది రైసుమిల్లులో, ఆపైన అంతా కాఫీ హోటల్లో కూర్చున్నవాడు. సర్టిఫికెట్టు ఇంట్లో దేవుడి పటం వెనక భద్రంగా ఉంది. సాయంత్రానికల్లా ఆయనకు లైసెన్సు వచ్చింది.

మొదట్లో ఆయనకే నవ్వొచ్చేది. పొద్దున్నే వచ్చి, కంచె బయట కుర్చీ వేసుకుని, "స్టార్టు చేత్తన్నాను వదినా," అనేవాడు. ఆవిడా నవ్వేది. నెల తిరిగేసరికి ఇస్త్రీ చొక్కా వచ్చింది. రెండో నెలకి జేబులో పెన్ను వచ్చింది. మూడో నెలలో ఆవిడ పొయ్యిమీద పాలు పొంగుతున్నాయని లేవబోతే, "ఆగు వదినా, నేను ఆఫ్ చెయ్యకుండా లెగిస్తే రూలు ఒప్పుకోదు," అన్నాడు. ఆవిడ ఆగింది, పాలు పొంగిపోయాయి.

ఫిబ్రవరి వచ్చింది. యంత్రపు సరుకు గనక హస్తకళల వరసలో ఆవిడకు బల్ల ఇవ్వలేదు. ఆ చోట హైమవతిగారు కూర్చుని సీరియల్ చూస్తోంది. కానీ మండలి వార్షికోత్సవానికి ఆహ్వానపత్రికలు కావలసివచ్చాయి. ధ్రువీకరించిన హస్తకృత పత్రికలు పంపితే, వాటిలో పేజీలు అంటుకుపోయి, ఉత్సవం ఏ తారీకునో అతిథులకు తెలియడం లేదు. అధ్యక్షులవారు చిరాకుపడి, "మన పత్రికలు మాత్రం శుభ్రంగా ఉండాలయ్యా, యంత్రం మీద చేయించండి," అన్నారు. నాలుగు వందల పత్రికలు వరహాలమ్మ చేసింది. అందుకున్న ప్రతివాడూ మెచ్చుకున్నాడు. మండలి కృతజ్ఞత మరిచేది కాదు, వెంటనే ఒక పురస్కారం ప్రకటించింది. ఉత్తమ ఆపరేటరు, శ్రీ గంగరాజు.

ఉత్సవం నాడు వేదిక మీద వెదురు కంచె, కంచెలో బల్ల, బల్ల వెనక వరహాలమ్మ ఉన్నారు. కంచెకు 'తాకరాదు' అని అట్ట కట్టారు. గంగరాజుకు శాలువా కప్పారు, దండ వేశారు. అధ్యక్షులవారు మైకు ముందు నిలబడి, "ఏళ్ళ తరబడి ఓర్పుతో సాధించిన నేర్పు ఎలా ఉంటుందో ఈ గంగరాజుగారిని చూసి నేర్చుకోవాలి," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. వరహాలమ్మకు కోపం వచ్చింది. మరిది మీద కాదు. అంతమంది తన కార్డు పట్టుకుని విసురుకుంటూ, చేసినదాన్ని చూడకుండా పక్కవాడి శాలువా చూస్తున్నారే అని.

"ఇప్పుడు యంత్ర ప్రదర్శన," అని ప్రకటించారు.

గంగరాజు శాలువా సర్దుకుని ఠీవిగా అన్నాడు, "స్టార్ట్."

వరహాలమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"స్టార్టు వదినా," అన్నాడు మళ్ళీ. ఆవిడ కదల్లేదు. గంగరాజు మొహం పాలిపోయింది. కంచె మీదికి వంగి గుసగుసగా, "అందరూ చూత్తన్నారు వదినా, పరువు పోద్ది," అన్నాడు.

ఏకాంబరరావు పరుగున వచ్చాడు. చేతిలో నిలుపుదల కారణ పత్రం ఉంది. ప్రదర్శన కోసం కంచెకు కట్టిన మైకు ఆపడం ఎవరికీ తోచలేదు.

"ఏమైందమ్మా? కారణం రాయాలి."

"నొప్పిగా ఉందండి."

"యంత్రానికి నొప్పి ఉండదమ్మా. ఈ గడిలో అరుగుదల, తుప్పు, విద్యుత్ అంతరాయం, మూడే ఉన్నాయి."

"అదేనండి నేనూ ఇన్నాళ్ళ బట్టి చెప్తన్నాను."

ఆ మాట హాలంతా వినబడింది. ముందు వరసల్లో ఎవరో నవ్వబోయి మానుకున్నారు. అధ్యక్షులవారే కంచె దాకా వచ్చారు.

"ఎక్కడమ్మా నొప్పి?"

వరహాలమ్మ తన చేతులకేసి చూసుకుంది. గాజులు లేక బోసిగా ఉన్నాయి. "ఎక్కడని చెప్పనండి? పదారేళ్ళ పిల్లగా మామగారి కొట్లో కూకున్నాను. తిన్నగా మడత పెట్టడానికి మూడేళ్ళు పట్టింది. ఒక్క అట్ట వంకరపోతే మా మామగారు అన్నం తినేవోరు కాదు. ఇప్పుడు తిన్నగా వచ్చింది కాబట్టి నీది కాదంటన్నారు. మీ బిడ్డని ఎవరైనా ఎత్తుకుని, ఇంత అందంగా ఉంది, ఇది మీ బిడ్డ కాదండీ అంటే, మీకు ఎక్కడ నొప్పెడతాదో అక్కడేనండి."

ఏకాంబరరావు కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన మంచి మనిషని ముందే చెప్పాను. కన్ను తుడుచుకున్న చేత్తోనే ఉత్తర్వు తిరగేశాడు.

"అయ్యా, నొప్పిని లోపంగా పరిగణించవచ్చునా?" అని నిపుణులను అడిగాడు.

ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. "పరిగణించవచ్చు. యంత్రంలో నొప్పి అసాధ్యం గనక, అది నిస్సందేహంగా మానవ లోపమే. కానీ మూడుండాలి. రెండు చేతులకు రెండే అవుతాయి," అన్నాడు పెద్దాయన.

గంగరాజు అప్పటిదాకా నేలచూపులు చూస్తున్నాడు. శాలువా తీసి కుర్చీ మీద పడేశాడు. "మూడోది మనసుకండి. రాసుకోండి," అన్నాడు.

రాసుకున్నారు. మండలి ఎప్పుడూ న్యాయానికి విరుద్ధం కాదు, లెక్క కుదిరితే చాలు. వారం తిరక్కుండా పెద్దాపురానికి ధ్రువపత్రం వచ్చింది. కంచె పీకేశారు. వచ్చే ఫిబ్రవరికి పాత చోటే బల్ల ఖాయం చేశారు. 'చేత్తో చేసిన' అన్న మాట వాడుకోవడానికి అనుమతి ఇచ్చారు. వరహాలమ్మ గాజులు వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, పత్రం కూడబలుక్కుంటూ చదివింది. అడుగున చిన్న అక్షరాల్లో షరతు ఉంది.

'ఈ ధ్రువపత్రము దరఖాస్తుదారునకు నొప్పి ఉన్నంత కాలము మాత్రమే చెల్లును. నొప్పి తగ్గినచో ఏడు దినములలోగా మండలికి తెలియజేసి, పత్రమును వాపసు చేయవలెను.'

ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి బల్ల సొరుగులో పెట్టుకుంది. గడువు తీరిపోతుందన్న బెంగ మాత్రం ఆవిడకు ఇంతవరకూ కలగలేదు.